మన తిండి ఎంత నేల తింటోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఈ కాలపు ఆహార ఉత్పత్తి నేలనీ నీటినీ మనుషుల్నీ దెబ్బతీస్తోందని చదివారు. దాంతో మూడు పనులు మొదలుపెట్టారు: దగ్గర్లో పండిందే కొంటున్నారు, సేంద్రియం అని రాసి ఉంటేనే తీసుకుంటున్నారు, ప్లాస్టిక్‌లో చుట్టిందాన్ని ముట్టుకోవడం లేదు. ఇవి చాలా? లేక ఇంత పెద్ద వ్యవస్థలో ఒక్క మనిషి చేసేదానికి విలువే లేదా? ఇదీ మీ సందేహం.

తినే ప్రతి వస్తువు వెనకా ఎంత నేల, ఎంత నీరు, ఎంత ఇంధనం ఉందో లెక్క కట్టడం ఇరవై ఏళ్లకు పైగా నా పని. మీరు ఎంచుకున్న మూడూ కంటికి బాగా కనిపించేవి. కానీ ఈ లెక్కల్లో కనిపించేవి వేరు, బరువున్నవి వేరు. అందుకే సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు దూరం సంగతి తేల్చేద్దాం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ పూర్, స్విట్జర్లాండ్ పరిశోధకుడు థామస్ నెమెచెక్ కలిసి 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల వివరాలు సేకరించి, 40 రకాల ఆహారాలకు లెక్క కట్టి 2018లో ప్రచురించారు. దాని ప్రకారం మనుషుల వల్ల గాలిలో కలిసే హరితగృహ వాయువుల్లో 26 శాతం తిండి నుంచి వస్తున్నవే. ఆ 26ని నూరు పాళ్లు చేస్తే రవాణాకి వచ్చేది 6 పాళ్లు, ప్యాకింగుకి 5. పంట పొలం దాటకముందే అయిపోయేది 61. అడవులు కొట్టి సాగులోకి తెచ్చినదాన్ని కూడా కలిపితే 81. అంటే సరుకు లారీ ఎక్కేసరికే జరగాల్సిన నష్టంలో చాలా భాగం జరిగిపోయింది.

(ఇంకోచోట మీరు 34 శాతం అన్న అంకె చూసి ఉంటారు. అది 2021లో వచ్చిన వేరే లెక్క. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని కాదు. గీత ఎక్కడ గీశారన్నదే తేడా. రెండో లెక్కలో వంట, చెత్తలాంటివి కూడా కలిశాయి. ఈ రంగంలో సగం తగవులు గీత దగ్గరే.)

ఓడలో వచ్చే సరుకుకి టన్నుకి, కిలోమీటరుకి పడే ఇంధనం చాలా తక్కువ. విమానం ఎక్కిన సరుకు అలా కాదు, దానికి ఓడకన్నా సుమారు 50 రెట్లు పడుతుంది. అయితే మొత్తం ఆహార రవాణాలో విమానాల వాటా 0.16 శాతమే. రెండు రోజుల్లో పాడైపోయే బెర్రీలు, ముక్కలు కోసి డబ్బాల్లో పెట్టిన పళ్లు లాంటివి ఈ కోవలోకి వస్తాయి. కాలం కాని కాలంలో, సముద్రాల అవతలి నుంచి తాజాగా వచ్చిన మెత్తటి పండు కనిపిస్తే అనుమానించండి. మిగతావాటికి దూరం మంచి కొలమానం కాదు. 2005లో బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ శాఖ చేయించిన అధ్యయనంలో, వేడి పెట్టిన గాజు గదుల్లో అక్కడే పండించిన టమాటా కన్నా స్పెయిన్ నుంచి లారీల్లో వచ్చిన టమాటాకే కర్బన ఉద్గారాలు తక్కువని తేలింది. తేడా కొద్దిపాటిది కూడా కాదు, మూడు రెట్లకు పైనే. దగ్గర్లో పండింది కొనడానికి వేరే మంచి కారణాలు ఉండొచ్చు. రుచి ఉంటుంది, పండించినవాళ్ల ముఖం తెలుస్తుంది. వాతావరణం మాత్రం వాటిలో పెద్ద కారణం కాదు.

ఇక బరువున్న విషయం, నేల. మంచు, ఎడారి, బండలు తీసేసి బతకడానికి వీలైన భూమి ఎంత ఉందో చూస్తే, అందులో సుమారు సగం మనిషి తిండి కోసమే వాడుకలో ఉంది. నగరాలు, రోడ్లు అన్నీ కలిపినా దాని ముందు లెక్కలోకి రావు. ఆ సగంలో నాలుగింట మూడు వంతులు పశువుల మేతకీ దాణాకీ పోతోంది. అంత నేల తీసుకుని మాంసం, పాలు, గుడ్లు, పెంచిన చేపలు అన్నీ కలిసి మనుషులకిచ్చేది 18 శాతం కేలరీలు, 37 శాతం ప్రోటీన్. ఆహారం గురించి ఒక్క వాక్యమే గుర్తుంచుకోవాలంటే నేను చెప్పేది ఇదే.

100 గ్రాముల ప్రోటీన్ లెక్కన చూద్దాం. మాంసం కోసమే పెంచిన పశువుల గొడ్డు మాంసానికి సగటున 50 కిలోల కార్బన్ డై ఆక్సైడుకి సమానమైన వాయువులు వెలువడతాయి, 160 చదరపు మీటర్లకు పైగా నేల కావాలి. కోడిమాంసానికి వాయువులు 6 కిలోల లోపు. బఠాణీకి అరకిలో కూడా ఉండదు, నేల 3, 4 చదరపు మీటర్లు చాలు. ఇవి సగటులు. ఒకే వస్తువుని ఒకరు పండించే తీరుకీ మరొకరి తీరుకీ మధ్య 50 రెట్ల వరకు తేడా ఉంటుంది. అయినా ఆ తేడాలన్నీ లెక్కేసినా పై వరుస పెద్దగా తారుమారు కాదు. ఎంత పొందిగ్గా పెంచిన గొడ్డు మాంసమైనా పప్పుధాన్యం దగ్గరికి రాదు.

ఎందుకని? నెమరువేసే జంతువు పొట్టలో గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. అది త్రేన్పుగా బయటికి వస్తుంది. మీథేన్ గాలిలో ఉండేది పన్నెండేళ్లే, కానీ ఉన్నన్నాళ్లూ వేడిని గట్టిగా పట్టి ఉంచుతుంది. దానికి తోడు, పశువు తిన్నదాంట్లో ఎక్కువ భాగం దాని బతుకుకే ఖర్చవుతుంది. మాంసంగా మిగిలేది కొద్దిగా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పచ్చిక నేలంతా దున్నడానికి పనికొచ్చేది కాదు. వాన తక్కువగా పడే కొండ వాలుల్లో, ఎండిన మైదానాల్లో గడ్డి తప్ప ఏదీ పండదు. అక్కడ మనిషి తినలేని గడ్డిని మనిషి తినే తిండిగా మార్చగలిగేది పశువే. అలాంటి చోట్ల పేద కుటుంబానికి పశువంటే పౌష్టికాహారం, ఎరువు, కష్టకాలంలో అమ్ముకునే ఆస్తి. వాళ్లని పట్టుకుని మాంసం మానమనడం అన్యాయం. నేను మాట్లాడేది రోజుకి రెండు పూటలా మాంసం తినే అలవాటున్న సంపన్న సమాజాల గురించి, వాళ్ల కోసం కొట్టేస్తున్న అడవుల గురించి. ప్రపంచంలో పండే సోయా చిక్కుళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా పశువుల దాణాకే పోతున్నాయి. మనుషులు నేరుగా సోయా పాలుగానో టోఫుగానో తినేది పదో వంతు కూడా లేదు.

నేల లెక్క తెలిస్తే కొన్ని నమ్మకాలు తలకిందులవుతాయి. పామాయిల్‌నే తీసుకోండి. ఇండోనేషియా, మలేషియాల్లో దానికోసం అడవులు తగలబెట్టారన్నది నిజం. అందుకని చాలామంది దాన్ని పూర్తిగా వెలివేస్తారు. అయితే ఒక హెక్టారు పామాయిల్ తోట ఇచ్చే నూనె అదే హెక్టారు సోయా ఇచ్చేదానికి ఐదారు రెట్లకు తగ్గదు. మనం వాడే నూనె మొత్తం తగ్గకుండా రకం మాత్రం మార్చుకుంటే, ఇంకెక్కడో అంతకన్నా ఎక్కువ నేల దున్నాలి. పాత తోటలో పండిందా, కొత్తగా కొట్టిన అడవిలో పండిందా అన్నది అడగాల్సిన ప్రశ్న. చెట్టు మీద కోపం పెట్టుకుని లాభం లేదు.

ఇప్పుడు మీ రెండో అంశం, సేంద్రియం. దీనికి జవాబు చెప్పాలంటే నత్రజని కథ చెప్పాలి. నన్నడిగితే గత వందేళ్ల చరిత్రలో ఇంతకన్నా పెద్ద కథ లేదు.

గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజనే. కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. చిక్కుడు జాతి మొక్కల వేళ్లలో ఉండే సూక్ష్మజీవులు, పిడుగులు, పేడ ఇచ్చినంతే పంట. 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని 1913 నాటికి జర్మనీలోని ఒప్పావ్ అనే చోట ఫ్యాక్టరీగా నిలబెట్టాడు. ఆ అమ్మోనియా నుంచే నత్రజని ఎరువు తయారవుతుంది. ఈ రోజు భూమ్మీద ఉన్న మనుషుల్లో సుమారు సగం మంది తిండి ఆ పద్ధతి మీదే ఆధారపడి ఉంది. మీ ఒంట్లో ప్రోటీన్లలో ఉన్న నత్రజనిలో దాదాపు సగం ఏదో ఒక ఫ్యాక్టరీ గొట్టం గుండా వచ్చిందే. 1961లో ప్రపంచంలో పండిన ధాన్యం 90 కోట్ల టన్నుల లోపు. ఇప్పుడు 300 కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉంది. ధాన్యం సాగయ్యే నేల మాత్రం కొద్దిగానే పెరిగింది. పొట్టి గోధుమలు, పొట్టి వరి వంగడాలు, సాగునీరు, ఎరువు కలిసి ఈ పని చేశాయి. గోధుమల మీద చేసిన కృషికి నార్మన్ బోర్లాగ్‌కి 1970లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారంటే కారణం అదే. ఆధునిక వ్యవసాయాన్ని మొత్తంగా తిట్టేవాళ్లు, ఇది లేకపోతే మిగిలిన అడవుల్ని ఎంత వరకు దున్నాల్సి వచ్చేదో కాసేపు ఆలోచించాలి.

అయితే చల్లిన నత్రజని అంతా మొక్కకి చేరదు. ప్రపంచ సగటు చూస్తే పంట తీసుకునేది సగం లోపే. మిగతాది ఎటు పోతుంది? కొంత నైట్రేటుగా భూగర్భ జలాల్లోకి దిగుతుంది. కొంత నైట్రస్ ఆక్సైడుగా గాలిలోకి లేస్తుంది. అది వందేళ్ల లెక్కన కార్బన్ డై ఆక్సైడు కన్నా సుమారు 270 రెట్లు వేడెక్కించే వాయువు. ఇంకొంత వాగులు, నదులు పట్టుకుని సముద్రం చేరుతుంది. అక్కడ నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుక్కి దిగుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ప్రాణవాయువునంతా వాడేస్తాయి. చేప ఈదుకుంటూ పారిపోగలదు, అడుగున అంటిపెట్టుకుని బతికే జీవాలు పారిపోలేవు. మిసిసిపి నది మెక్సికో సింధుశాఖలో కలిసేచోట ప్రతి వేసవిలో ఏర్పడే ఇలాంటి మృతజలాల విస్తీర్ణం 2017లో 22,000 చదరపు కిలోమీటర్లు దాటింది. ఎరువుగా వేసే భాస్వరం మంచినీటి చెరువుల్లో ఇదే పని చేస్తుంది. 2014 ఆగస్టులో ఈరీ సరస్సులో పెరిగిన నాచు విషం వల్ల అమెరికాలోని టొలీడో నగర ప్రాంతంలో దాదాపు 5 లక్షల మంది మూడు రోజులపాటు కుళాయి నీళ్లు తాగలేకపోయారు. ఆ నీటిని మరిగించినా లాభం లేదు, విషం ఇంకా చిక్కబడుతుంది.

అయితే రసాయన ఎరువు మానేస్తే పోలా? శ్రీలంక 2021లో ఆ పని చేసి చూసింది. రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించి దేశమంతా సేంద్రియంలోకి మారమంది. దేశమంతటికీ సరిపోయే కంపోస్టు, పేడ ఎక్కడి నుంచి వస్తాయన్నది ఎవరూ లెక్క వేయలేదు. తర్వాతి పెద్ద పంటకాలంలో వరి దిగుబడి మూడో వంతుకు పైగా పడిపోయింది. అప్పటిదాకా బియ్యం తనకు తాను పండించుకుంటున్న దేశం దిగుమతులకు దిగింది. నిషేధాన్ని ఆ ఏడాది నవంబరుకే వెనక్కి తీసుకున్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఇంత కచ్చితంగా సరిపోయే ఉదాహరణ ఇంకొకటి నాకు తెలీదు.

అదే దేశం మరో నిషేధం చేసింది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని 1980ల నుంచి ఒక్కొక్కటిగా, దశలవారీగా తొలగించుకుంటూ వచ్చారు. తాగితే ప్రాణం దక్కని మందులు పల్లె ఇళ్లలో అందుబాటులో లేకుండా పోయాయి. 1995 నుంచి ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. పంట దిగుబడులు దెబ్బతిన్న దాఖలా లేదు. ఒకే దేశం, రెండు నిషేధాలు. ఒకటి నినాదాన్ని బట్టి చేసింది, రెండోది ఏ మందు ఎవరిని చంపుతోందో లెక్క చూసి చేసింది. విధానాల గురించి నా అభిప్రాయమంతా ఈ రెండిటి మధ్యే ఉంది.

మీ సేంద్రియం సంగతికి వస్తే, సగటున దిగుబడి 20 నుంచి 25 శాతం తక్కువ. అంటే అదే తిండికి ఎక్కువ నేల. దానికి బదులు పొలంలో పురుగులు, పిట్టలు, వానపాములు ఎక్కువ బతుకుతాయి. పనిచేసేవాళ్ల ఒంటికి విషం తక్కువ తగులుతుంది. ఈ రెండో లాభమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. పళ్లు, కూరగాయల్లో మందులు ఎక్కువ కొడతారు కాబట్టి అక్కడ సేంద్రియం కొనడంలో అర్థముంది. ధాన్యాల దగ్గర అంత పట్టుదల అక్కర్లేదు. ఎరువు వేయడమా మానడమా అని కాదు, వేసిన ఎరువు మొక్కకి చేరిందా అన్నది చూడాలి. మోతాదు విడగొట్టి వేయడం, మధ్యలో పప్పుధాన్యాలు వేసి పంట మార్చడం, పంట లేనప్పుడు నేల మీద పచ్చిరొట్ట ఉంచడం. వీటిలో ఏ ఒక్కదానికీ సంచీ మీద ముద్ర ఉండదు.

నీటి విషయం క్లుప్తంగా. నదుల నుంచి, చెరువుల నుంచి, భూమిలోంచి మనిషి తోడుకునే మంచినీటిలో సుమారు 70 శాతం వ్యవసాయానిదే. అమెరికా మధ్య మైదానాల కింద ఉన్న ఓగల్లాలా జలాశయం వేల ఏళ్లుగా నిండింది. దక్షిణ భాగాల్లో కొన్ని తరాల్లోనే అడుగంటుతోంది. వరి మళ్లలో నిలవనీరు మీథేన్‌కి మూలం. ఎప్పుడూ నీరు నిలపకుండా ఆరుతడి పద్ధతిలో పండిస్తే నీళ్లు 30 శాతం వరకు ఆదా అవుతాయి, మీథేన్ 30 నుంచి 50 శాతం తగ్గుతుంది. తెలిసిన పద్ధతే. నీరు తన చేతిలో ఉండి, కావలసినప్పుడు పెట్టుకోగలిగిన రైతుకే అది సాధ్యం.

గొడ్డు మాంసం బదులు కోడి తింటే నేల, వాయువులు బాగా తగ్గుతాయని పైన అంకెలు చూశారు కదా. ఆ మార్పు ప్రపంచంలో ఇప్పటికే జరుగుతోంది. దాని వెనక మరో లెక్క ఉంది. 1957 నాటి కోడి జాతిని, 2005 నాటి మాంసపు కోడి జాతిని కెనడా పరిశోధకులు ఒకే దాణాతో పెంచి చూశారు. 56 రోజులకి మొదటిది కిలో కూడా తూగలేదు, రెండోది 4.2 కిలోలు తూగింది. పెరిగింది మేతవల్ల కాదు, జాతిలోనే ఆ పరుగు పెట్టారు. కాళ్లూ గుండే ఆ పరుగు అందుకోలేవు. ఏడాదికి 7,000 కోట్లకు పైగా కోళ్లని ఇలా పెంచి చంపుతున్నారు. అంత కిక్కిరిసిన షెడ్లలో రోగం రాకుండా ఉండాలంటే మందులు. ప్రపంచంలో అమ్ముడయ్యే యాంటీబయాటిక్‌లలో మూడింట రెండు వంతులకు పైగా తినడానికి పెంచే జంతువులకే పోతున్నాయి. కొలిస్టిన్ అన్నది ఆసుపత్రిలో ఏ మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరున తీసే మందు. దానికి లొంగని గుణాన్ని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మోసుకుపోగల జన్యువు చైనాలో పందుల్లో, మాంసంలో, మనుషుల్లో ఉందని 2015లో బయటపడింది. కొలిస్టిన్‌ని బరువు పెంచే దాణా మందుగా వాడటం చైనా 2017లో ఆపేసింది. యూరోపియన్ యూనియన్ ఇలాంటి దాణా మందుల్ని 2006లోనే నిషేధించింది. ఒక సమస్య తీరిందనుకున్న చోట ఇంకో సమస్య లేవడం ఈ రంగంలో మామూలు.

ఇంతవరకూ మనుషుల గురించి తక్కువ మాట్లాడాను. నా లెక్కల పట్టికల్లో కార్బన్‌కి ఒక గడి ఉంటుంది, నీటికి ఒక గడి ఉంటుంది, నేలకి ఒకటి ఉంటుంది. కోసినవాళ్ల నడుము నొప్పికి గడి లేదు. ఈ వృత్తి మీద నాకున్న అసంతృప్తి ఇదే.

ప్రపంచంలో 60 కోట్ల దాకా పొలాలు ఉన్నాయి. వాటిలో ఆరింట ఐదు 2 హెక్టార్ల లోపువే. సాగునేలలో వాటి చేతిలో ఉన్నది సుమారు 12 శాతం, తిండిలో అవి పండిస్తున్నది దాదాపు మూడో వంతు. కానీ విత్తనం కొనేచోట, పంట అమ్మేచోట ధర చెప్పేది వాళ్లు కాదు. వాణిజ్య విత్తనాల వ్యాపారంలో సగానికి పైగా నాలుగు కంపెనీల చేతిలో ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ తాజా అంచనా ప్రకారం 2024లో బాల కార్మికులు 13.8 కోట్ల మంది, అందులో సుమారు 61 శాతం వ్యవసాయంలోనే. కోకో పరిశ్రమ 2001లోనే ఘోరమైన బాలకార్మికతను తుడిచేస్తామని ఒప్పందం మీద సంతకాలు చేసింది. గడువు ఒకటికి రెండుసార్లు జరిగింది. 2020లో అమెరికా ప్రభుత్వం చేయించిన సర్వే ఘనా, ఐవరీ కోస్ట్ కోకో తోటల్లో సుమారు 15 లక్షల పైచిలుకు పిల్లలు ఇంకా పనిచేస్తున్నారని తేల్చింది. చాక్లెట్ అట్ట మీద అందమైన ముద్ర ఉన్నంత మాత్రాన ఈ సంగతి మారలేదు.

మారిన చోటు ఒకటుంది, అదెలా మారిందో చూడండి. ఫ్లోరిడా టమాటా పొలాల్లో మనుషుల్ని బంధించి, అప్పు పేరుతో పనిచేయించిన కేసులు 1990ల చివరి నుంచి అనేకం అమెరికా కోర్టుల్లో రుజువయ్యాయి. ఇమ్మొకలీ అనే ఊళ్లో కూలీలు తమంతట తాము సంఘం పెట్టుకున్నారు. పొలం యజమానితోనే తలపడితే లాభం లేదని, యజమాని మెడ మీద కూర్చున్న పెద్ద కొనుగోలుదారుని పట్టుకోవాలని వాళ్లకి అర్థమైంది. 2001లో ఒక పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థని బహిష్కరించమని పిలుపునిచ్చారు, నాలుగేళ్లకి ఆ సంస్థ దిగొచ్చింది. తర్వాత ఒక్కొక్కరే దారికొచ్చారు. ఒప్పందంలో ఉన్నదేమిటంటే, కొనేవాళ్లు పౌను టమాటాకి ఒక్క సెంటు అదనంగా ఇవ్వాలి, అది కూలీలకి చేరాలి. పొలంలో నీడ, తాగునీరు ఉండాలి. బలవంతపు పని, లైంగిక వేధింపు రుజువైతే ఆ పొలం నుంచి కొనడం ఆపేయాలి. తనిఖీ చేసేది కంపెనీ మనిషి కాదు, విడి సంస్థ. దుకాణంలో అరల ముందు నిలబడి ఒక్కొక్కరం చేసే ఎంపికలు ఇరవై ఏళ్లలో చేయలేనిది ఆ ఒక్క షరతు చేసింది: తప్పు చేస్తే సరుకు అమ్ముడుపోదు.

సముద్రంలోనూ దెబ్బ చివరికి మనుషుల మీదే పడుతుంది. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో దాదాపు 500 ఏళ్లు పట్టినా తరగని కాడ్ చేప, పెద్ద మరపడవలు దిగాక కొన్ని దశాబ్దాల్లో కుప్పకూలింది. 1992 జూలైలో ప్రభుత్వం వేట ఆపేసింది. సుమారు 30,000 మంది బతుకుతెరువు ఒక్కసారిగా పోయింది. రెండేళ్లని చెప్పిన నిషేధం మూడు దశాబ్దాలు సాగింది.

తినే వైపు కూడా వింతే. 2023లో ఆకలితో ఉన్నవాళ్లు 71 నుంచి 76 కోట్ల మంది అని ఐక్యరాజ్యసమితి అంచనా. ఊబకాయం ఉన్నవాళ్లు 100 కోట్లు దాటారు. సరైన పోషకాహారం కొనే స్తోమత లేనివాళ్లు 2022లో సుమారు 280 కోట్లు. తిండి తక్కువై కాదు ఇదంతా. కేలరీ చవకైంది, పోషకం కాలేదు. ఫ్యాక్టరీలో బాగా మార్పులు చేసిన తిండి గురించి 2019లో పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగం చిన్నదే, 20 మంది మీదే చేశారు. కానీ పకడ్బందీగా చేశారు. రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట. ముందు పెట్టిన పళ్లెంలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు, కేలరీలు రెండిటిలోనూ సమానం, ఎంత తింటారన్నది వాళ్ల ఇష్టం. ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో కిలో దాకా బరువు పెరిగారు. మనసు గట్టిగా లేక తిన్నారు అనేవాళ్లకి ఈ ప్రయోగం చూపించండి.

చివరగా పారేసే తిండి. 2022లో ఇళ్లు, హోటళ్లు, దుకాణాల్లో చెత్తబుట్ట పాలైన ఆహారం 105 కోట్ల టన్నులు. వినియోగదారుల దాకా వచ్చినదాంట్లో అది 19 శాతం. దాంట్లో 60 శాతం ఇళ్లలోనిదే. దుకాణం చేరకముందే పోయేది మరో 13 శాతం. మీ ప్లాస్టిక్ సంగతి ఇక్కడే తేలుతుంది. చుట్టిన దోసకాయ చుట్టనిదానికన్నా ఎన్నో రోజులు ఎక్కువ నిలుస్తుంది. ఆ పల్చటి పొర తయారీకి అయ్యే నష్టం కన్నా, ఎండిపోయి పారేసిన దోసకాయ వెనకున్న నేల, నీరు, ఎరువు నష్టమే ఎక్కువ. ప్లాస్టిక్ మంచిదని కాదు. సముద్రంలో చేరే చెత్తగా దాని నష్టం వేరే లెక్క. కానీ దాన్ని తప్పించుకుని కూరగాయ కుళ్లబెడితే నష్టపోయినట్టే. దక్షిణ కొరియా ఆహార వ్యర్థాల్ని చెత్తకుప్పల్లో పూడ్చడం 2005లో నిషేధించింది, 2013 నుంచి బరువుని బట్టి రుసుము వసూలు చేస్తోంది. ఇప్పుడు అక్కడ తిండి వ్యర్థాల్లో 95 శాతం దాకా ఎరువుగానో దాణాగానో ఇంధనంగానో మారుతోంది.

ఒక్కడి వల్ల ఏమవుతుందన్న మీ ప్రశ్నకి నా జవాబు వరుసగా చెప్తాను. వారంలో మాంసం తినే పూటలు తగ్గించండి, ముందుగా నెమరువేసే జంతువులది. ఆ స్థానంలో పప్పులు, చిక్కుళ్లు, బఠాణీలు రావాలి, అదే నేలలో నత్రజనినీ పెంచుతుంది. తెచ్చింది తినండి. ఈ రెండూ చేస్తే మీ మూడు పనులూ కలిపినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చేసినట్టు. మూడోది కొనుగోలుదారుగా కాక పౌరుడిగా చేయాల్సింది. బడికీ ఆసుపత్రికీ ఆఫీసు క్యాంటీనుకీ వేలమందికి సరిపడా సరుకు ఎవరో ఒకరు ఒక్క సంతకంతో కొంటారు. ఆ టెండరులో ఏం రాయాలో అడిగే అవకాశం మీకుంటే, మీ సంచీ నిండా పదేళ్లు కొన్న సేంద్రియం కన్నా అది బరువైనది. డెన్మార్క్ 2003లో ఆహారంలో ట్రాన్స్ కొవ్వుకి (నూనెని గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకి చేటు చేసే కొవ్వు) చట్టంతో హద్దు పెట్టింది, అవి మార్కెట్లోంచి దాదాపు మాయమయ్యాయి. అక్కడివాళ్లు డబ్బా వెనక అక్షరాలు చదివి సాధించింది కాదది.

మీరు రాసినదాంట్లో ఒక్క అంకె లేదు: మీ ఇంట్లో వారానికి ఎంత తిండి పారేస్తున్నారు? వంటింట్లో ఒక విడి డబ్బా పెట్టి, రెండు వారాలు తూచండి. ఏది పారేశారో, ఎందుకు పారేశారో పక్కన ఒక మాట రాసుకోండి. మా ఇంట్లో మొదటిసారి తూచినప్పుడు నేను ఊహించిన అంకెకి రెండింతలు వచ్చింది, అందులో సగం ఆరోగ్యం కోసమని ఉత్సాహంగా కొని మర్చిపోయిన ఆకుకూరలే. మీ జాబితా వచ్చాక చెప్పండి, ఏది ముందు మార్చాలో అంకెలతో మాట్లాడుకుందాం.